వాలిన అక్షరాలు

ఏక్‌బాల్‌పూర్‌కి సాయంత్రం కలకత్తా ఓడరేవు డాకుల వైపు నుంచే వచ్చేది. క్రేన్ల మధ్య నుంచి జారి, తడిసిన జనపనార వాసన మోసుకుంటూ, ఇరుకు సందుల్లో దారి వెతుక్కుంటూ తవిటమ్మ ఇంటి అరుగు దాకా వచ్చి ఆగేది. దాని వెనకాలే మనుషులు. ఓడల్లో సరుకు మోసి పని దిగిన కళాసీలు మట్టి ముంతల్లో టీ పట్టుకుని ఒక్కొక్కరే అరుగంచున చేరి, గొంతు సవరించుకుని, "రాసుకో గుంటా" అనేవారు. తవిటమ్మకి ముప్పై దాటింది. అయినా వాళ్ల కళ్లకి ఆమె ఇంకా గుంటే, చిన్నపిల్లే.

ఆమె రాసుకునేది. పున్నమ్మ కోడలికి ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. ఒకడి కాలి మీద పెట్టె పడింది గానీ ఎముక విరగలేదు, ఇంటి దగ్గర కంగారు పడవద్దు. యూనియన్ వాళ్లు దుర్గాపూజల ముందు బోనస్ ఇప్పిస్తామన్నారు. ఊరి నుంచి కొత్తగా దిగినవాడు అక్కడి మాటలు మూట విప్పేవాడు. ఈసారి చేప తీరానికి రాలేదట, బడి పైకప్పు ఎగిరిపోయిందట. అవీ రాసుకునేది.

ఈ కబుర్లన్నీ నెలకోసారి రెండు కాగితాలయ్యేవి. పైన "పేట కబురు" అని పేరు. ఏక్‌బాల్‌పూర్‌లో నాలుగు సందుల వాళ్లు చదివాక, మిగిలిన ప్రతులు మూటగట్టుకుని శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డున ఉన్న సన్నపువానిపేటకి రైలెక్కేవి. చిన్న ఊరు. అక్కడి మగవాళ్లలో సగం మంది ఇక్కడ బరువులు మోస్తున్నారు. ఆ పేట పేరు దినపత్రికల్లో తుఫాను వచ్చినప్పుడు కూడా కనబడలేదు. తమ ఊరు కూడా లోకంలో ఉందని వాళ్లకి చెప్పే కాగితం ఇదొక్కటే. అది పుట్టే ఊరు వేరు, చదివే ఊరు వేరు. మధ్యలో ఒక రాత్రి ప్రయాణం, ఒక సముద్రపు గాలి.

దీన్ని మొదలుపెట్టినవాడు తవిటమ్మ తండ్రి కూర్మయ్య. బెంగాల్లో ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన ఏడాది, యూనియన్ ఆఫీసులో చేత్తో తిప్పే సైక్లోస్టైల్ యంత్రం దిగింది. కరపత్రాల కోసం తెచ్చిన ఆ యంత్రాన్ని చూసి, "దాదా, నెలకోపూట మాకిస్తారా" అని కూర్మయ్య అడిగాడు. సెక్రటరీ దాదా నవ్వి, "ఠీక్ ఆఛే" అని ఒప్పుకున్నాడు. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఉక్కుమొన కలంతో గీకి రాయాలి. గీత పడినచోట మైనం చీలి, అందులోంచి సిరా దిగి, అక్షరం అవతలి కాగితం మీద తేలుతుంది. గట్టిగా నొక్కితే చిరుగుతుంది, మెత్తగా రాస్తే అక్షరం పుట్టదు.

కూర్మయ్య చూపుడువేలు ఓడ పనిలో ఉక్కుతాడుకి చిక్కి తెగిపోయింది. అందుకని కలాన్ని బొటనవేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించి రాసేవాడు. ఆయన అక్షరాలన్నీ ఒకవైపుకి వాలి ఉండేవి, గాలికి వొరిగిన వరిచేనులా. సన్నపువానిపేట పిల్లలు ఆ అక్షరాల మీదే చదువు నేర్చుకున్నారు. కొందరి రాత కూడా వాలిపోయిందని బడి పంతులు మొత్తుకునేవాడట.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. మూట ఎప్పుడూ మనిషి చేతిలోనే వెళ్లాలి, పోస్టులో వెయ్యకూడదు. కబురుకి కాళ్లుండాలి అనేవాడు. చదివినవాళ్లకి అనుమానం వస్తే అడగడానికి ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉండాలి.

నియమం కాని భయం ఒకటి పేటకి సొంతంగా ఉండేది. కలకత్తాలో ఎవరైనా పోతే తోటివాళ్లు ఆ మాట ఉత్తరంలో రాసేవారు కాదు. ముందు ఎవరో ఒకరు "అందరం క్షేమం" అని ఒక కార్డు ముక్క రాసి పడేసేవారు. ఊళ్లో తల్లి దాన్ని చదివించుకునే లోపే, రాసిన చెయ్యి కొడుకుది కాదని చూసి ఏడుపు మొదలుపెట్టేది. చెయ్యి మారితే మనిషి లేడని అర్థం. ఆ తర్వాత ఎవరూ ఎదురు ఉత్తరం రాసి నిజమేనా అని అడగరు. అడగడం పుండు మీద వేలు పెట్టడం.

ఎనభై ఆరు వానాకాలంలో కూర్మయ్య డాకు గేటు దగ్గర కుప్పకూలాడు. ప్రాణం నిలిచింది గానీ కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఇల్లు ఇంకా ఆసుపత్రి వాసన వదలకముందే గ్యాంగు సర్దార్ గురువులు పెద్దమనుషులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఊళ్లో కూర్మయ్య తల్లి నరసమ్మ ఉంది. ఒక్క నెల రాత మారిందా, ముసలమ్మ దక్కదు. అందరూ కలిసి తవిటమ్మ వైపు చూశారు.

ఆమెకన్నా ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. ఈ పిల్లయినా మిగలాలని పుట్టగానే పొరుగామెకి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారు. అందుకే ఆ పేరు. అలా దక్కిన పిల్ల తండ్రి మోచేతి పక్కన కూర్చుని పెరిగింది. బడిలో నేర్చుకున్నది బెంగాలీ. తెలుగు అక్షరం ఆమెకి తండ్రి చేతినుంచే వచ్చింది. ఆ రోజు చూపుడువేలు అరచేతిలోకి మడిచి ఉక్కు కలం అందుకుంది. మొదటి స్టెన్సిల్ చిరిగింది. తర్వాతిదానిమీద తండ్రి అక్షరాలై వచ్చి నిలబడ్డాడు, వాలిపోయి.

పేటలో ఎవరికీ తెలియలేదు. కూర్మయ్యకి కాలు నడవదట గానీ చెయ్యి మాత్రం అలాగే ఉందని చెప్పుకున్నారు. ఊరికి వెళ్లిన ప్రతివాడూ అవునవునన్నాడు.

అప్పటినుంచి ఆమె రోజులు ఒకే రూళ్లమీద నడిచాయి. పొద్దున్నుంచీ పాత బెంగాలీ పత్రికలు చింపి, జిగురు పూసి, మరమరాల దుకాణాలకి కాగితపు సంచులు చేసేది. లోకంలో జరిగినదంతా ఆమె వేళ్ల మధ్య మడతపడి సంచీలయ్యేది. సాయంత్రం అరుగు. నెలాఖరున స్టెన్సిల్. కరెంటు పోయినప్పుడు దీపం ముందు అరచేతిలో మడిచిన వేలు తిమ్మిరెక్కి, విప్పినా విచ్చుకునేది కాదు. చాకలి పద్దు రాసినా అక్షరాలు వాలిపోతున్నాయని ఒకరోజు గమనించింది. ఆ రోజు చాలాసేపు ఆ కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది.

వెంకటేశు గార్డెన్‌రీచ్ రైల్వే ఆఫీసులో చిన్న ఉద్యోగి. పక్క ఊరివాడే, వావి కుదిరేవాడే. చెల్లెలి పెళ్లి కబురు వేయించడానికి అరుగెక్కాడు. ఆ తర్వాత వేయించడానికి ఏ కబురూ లేకపోయినా ఎక్కేవాడు. ఒకసారి, "నీ రాత ఎలాగుంటాదో సూడాలనుంది. మీ నాన్నది కాదు, నీది" అన్నాడు. తవిటమ్మ మడిచిన వేలు విప్పి చూసుకుని, మళ్లీ మడిచింది.

అతను పెద్దల్ని పంపి పిల్లనడిగించాడు. ఎవరూ కాదనలేదు. గురువులు భుజం తట్టి మరీ తప్పకుండా చేద్దామన్నాడు, కబురు రాసే చెయ్యి ఇంకొకటి దొరకనీ అన్నాడు. ఆ మాట మీద ఒక దసరా వెళ్లింది, ఇంకో దసరా వచ్చింది. తిట్టేవాళ్లూ కొట్టేవాళ్లూ ఉంటే తెంచుకుని పోవచ్చు. అందరూ మంచివాళ్లే అయిన గదిలో తలుపు ఎక్కడుందో వెతుక్కోవడం కష్టం.

తొంభై ఒకటిలో వెంకటేశుకి బిలాస్‌పూర్ బదిలీ అయింది. క్వార్టర్ కూడా ఇస్తారు. పూజలు కాగానే వెళ్లాలి. వస్తే ఇప్పుడే రావాలని అతను అనలేదు గానీ, బదిలీ కాగితం తెచ్చి ఆమెకి చూపించి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కలకత్తాలోనే ఉన్న భవానీపూర్ నుంచి జ్ఞానప్రసూన టాక్సీ దిగింది. బ్యాంకు ఆఫీసరు రఘురాం గారి భార్య. తెలుగువాళ్ల సభలో ఎవరి చేతిలోనో "పేట కబురు" చూసి, వెతుక్కుంటూ వచ్చింది. డాకు కూలీలు తమ ఊరికి తామే పత్రిక రాసుకోవడం ఆవిడకి అద్భుతంగా తోచింది. ఎవరైనా రాసిపెడితే బాగుండునని తవిటమ్మ అనీ అనకముందే, "నేను రాస్తానమ్మా, నాకింతకన్నా పనేముంది" అంది. ఆవిడ దస్తూరి ముత్యాలు పేర్చినట్టుండేది. ఒక్కో అక్షరం నిటారుగా, గుండ్రంగా, ఎవరికీ బాకీ లేనట్టు నిలబడేది.

చేతి సంగతి ఆవిడకి చెప్పాలని తవిటమ్మ అనుకుంది. చెబితే ఆవిడా వేలు మడవాలి. ఇంకో ఆడమనిషి చేతిని ఆ బోనులో పెట్టడానికి నోరు రాలేదు. గురువులుతో మాట్లాడితే ఆయనే ఉపాయం చెప్పాడు. ఈసారి మూట సెలవు మీద ఊరెళ్లే భానుమూర్తి పట్టుకెళ్తున్నాడు. వాడు నోరున్నవాడు. కాగితం ఎవరి చేతికీ ఇవ్వకముందే నరసమ్మ ఎదుట కూర్చుని, కొడుకు బతికే ఉన్నాడనీ, చెయ్యి మాత్రం అలిసిపోయిందనీ చెబుతాడు. ఇన్నాళ్లకి నిజం చెప్పినట్టూ ఉంటుంది, గుంటకి దారి ఇచ్చినట్టూ ఉంటుంది.

సంచిక అందంగా వచ్చింది. చుట్టూ లతల అంచు. పేరు కింద జ్ఞానప్రసూన తన సొంతంగా ఒక వాక్యం చేర్చింది: శ్రీ కూర్మయ్యగారి ఆశయాలకు అనుగుణంగా. ఏక్‌బాల్‌పూర్‌లో అందరూ మెచ్చుకున్నారు. మూట కట్టిస్తానని ఆవిడ భవానీపూర్ తీసుకెళ్లింది. నియమం సంగతి తెలియక, అంత దూరం ఒక మనిషిని శ్రమపెట్టడం ఎందుకని, ఇంటి ఎదురుగా ఉన్న పోస్టాఫీసులో వేసేసింది. మూట రాలేదు కాబట్టి భానుమూర్తి సెలవు వాయిదా వేసుకున్నాడు. అతను వెళ్లాడనుకుని తవిటమ్మ పెట్టెలో చీరలు సర్దుకుంటోంది.

పూజల పందిళ్లకి వెదుళ్లు దింపుతున్న ఒక మధ్యాహ్నం, గుమ్మంలో ఒక బోడిగుండు నిలబడింది. కూర్మయ్య తమ్ముడు గవరయ్య. చేతిలో గుడ్డసంచి. వదినగారిని ఊరికి తీసుకుపోదామని వచ్చాడు. ఆ వదినగారు అప్పలకొండమ్మ చేతినిండా గాజులతో, గోడకి ఆనించి కూర్చోబెట్టిన మొగుడి నోటికి గంజి అందిస్తోంది.

గవరయ్య సంచి జారిపోయింది. అతను వచ్చి అన్న ముందు కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అన్నా," అన్నాడు చివరికి, "నీకు పెద్దకర్మ సేసీసినాను. ఊరంతా బోంచేసినారు."

కూర్మయ్య ఎడమచెయ్యి మెల్లగా లేచి తమ్ముడి నున్నటి తల మీద ఆగింది. ఆయన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో ఏడుపో అప్పలకొండమ్మకి కూడా తెలియలేదు.

జరిగింది గవరయ్య ముక్కలుముక్కలుగా చెప్పాడు. కాగితాలు పోస్టులో వచ్చాయి, వెంట మనిషి లేడు. వలల షెడ్డులో పంతులు చదవడానికి నిలబడ్డాడు. పేరు కింది వాక్యం దగ్గర ఆయన గొంతే దానంతటదే తగ్గిపోయింది. ఆశయాలనే మాట ఆ ఊరివాళ్లు పోయిన నాయకుల గురించి మైకులో తప్ప ఎక్కడా వినలేదు. నరసమ్మ కాగితం తన చేతిలోకి తీసుకుంది. ఆమెకి అక్షరం రాదు. కానీ కొడుకు రాత వొంగి ఉంటుంది, ఇది నిటారుగా ఉంది. అంతే, ఇంకెవరూ ఏమీ అడగలేదు. అప్పట్నుంచి ఆమె మెతుకు ముట్టడం లేదు, గంజినీళ్ల మీద ఉంది.

కబురు తెలిసి జ్ఞానప్రసూన పరుగున వచ్చింది. గవరయ్య గుండు చూసి గోడవైపు తిరిగి ఏడ్చింది. జరిగిన పొరపాటంతా వివరంగా తానే రాసి పంపుతానంది. గవరయ్య లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"వొద్దు తల్లీ. తవరు మల్లీ రాస్తే, ఈసారి మా వొదిన కూడా పోనాదనుకుంటారు."

ఎవరూ నవ్వలేదు. తర్వాత అప్పలకొండమ్మే ముందు నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకుని. ఆ నవ్వు కాసేపటికి అందరికీ అంటుకుంది, తవిటమ్మకి తప్ప. ఆమెకి తర్వాత రాబోయే మాట ముందే వినిపించింది.

జ్ఞానప్రసూన టాక్సీ ఎక్కాక గవరయ్య తవిటమ్మ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కేకలెయ్యలేదు, నిష్ఠూరమాడలేదు.

"అమ్మీ, ఈ గుండుతో ఎల్లి అన్న బతికే ఉన్నాడంటే ఎవుడు నమ్ముతాడే? ముసిల్దాన్ని ఊరుకోబెట్టడానికి సెప్తన్నాననుకుంటారు. అన్న రాత సూపించాలి. ఒక్క నెల సూపించి మానీసినా అదే అనుమానం. మల్లీ సెయ్యి మారిందా, అమ్మ రెండోసారి కొడుకుని సంపుకోవాల."

"ఎన్నాళ్లు సిన్నాన్నా?"

గవరయ్య గోడకి ఆనుకున్న అన్నవైపు చూశాడు. చూసి తల దించుకున్నాడు. ఆ చూపే జవాబు.

వెంకటేశు ఆదివారం వచ్చాడు. ఇంట్లో మాట్లాడుకునే చోటు లేదు. ఇద్దరూ బాబూఘాట్‌లో గంగ దాటే లాంచీ ఎక్కారు. హౌరా వైపు వెళ్లి దిగకుండా అదే లాంచీలో వెనక్కి రావచ్చు. నీళ్లు బురదరంగులో, నెమ్మదిగా, ఎక్కడికీ తొందరలేనట్టు పోతున్నాయి. పూలదండలు, కొబ్బరి పీచు, ఎవరిదో చెప్పు, అన్నీ సముద్రం వైపే. తవిటమ్మ రెయిలింగు పట్టుకుని జరిగిందంతా చెప్పింది.

బిలాస్‌పూర్ నుంచి రాసి పంపితే కుదరదా అని అతను అడిగాడు. అరుగు ఇక్కడుంది, కబుర్లు చెప్పే నోళ్లు ఇక్కడున్నాయి, యంత్రం ఇక్కడుంది. ఆమె చెప్పకముందే ఆ సంగతి అతనికి తెలుసు. పోనీ ఎదురుచూస్తానన్నాడు. అన్నాక, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

హౌరా రేవు దగ్గర జనం దిగారు, జనం ఎక్కారు. లాంచీ మళ్లీ తిరిగింది.

"తవిటీ," అన్నాడు నీళ్లవైపు చూస్తూ, "నాను ఎదురుసూడ్డమంటే ఏటో తెలుసా? మీ నాన్న ఎప్పుడు పోతాడా అని సూడ్డం. నీ కాడినుంచి కార్డు ముక్క వొచ్చినప్పుడల్లా మనసులో అదే వొస్తాది. నాకొద్దది. నీకూ వొద్దు."

ఆమె అతని చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే తన ఆశకి తండ్రి చావు తోడవుతుంది. ఎదురుచూడొద్దని ఆమె కూడా అంది. గాలికి ఆ మాట సరిగా వినబడలేదేమో, అతను మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అంది. రెండోసారి అనడం మొదటిసారికన్నా కష్టమైంది.

బాబూఘాట్‌లో ఇద్దరూ దిగారు. అతను ట్రామ్ వైపు నడిచాడు.

మర్నాడు తవిటమ్మ తండ్రి మంచం పక్కన పీట వేసుకుని స్టెన్సిల్ పరిచింది. గవరయ్య సాయంత్రం బండికి వెళ్లాలి, మూట అతని చేతిలోనే వెళ్లాలి. అతను ఎదుట కూర్చుని ఏం రాయాలో చెబుతున్నాడు. అన్న మాటగానే రాయాలట. ఇకమీద సంగతి కూడా స్పష్టంగా ఉండాలట, ముసలమ్మ అదే అడుగుతుందట. తవిటమ్మ చూపుడువేలు మడిచింది. మైనం మీద ఉక్కుమొన ఎండుటాకు మీద పురుగు పాకినట్టు చప్పుడు చేస్తూ కదిలింది.

రాయడం అయ్యాక కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. గీతల్లోంచి పగలు సన్నగా కనబడుతోంది. తండ్రి వైపు తిరిగి ఆయనకి వినబడేలా చదివింది.

"నేను కూర్మయ్యను. బతికే ఉన్నాను. పోయిన నెల కాగితం నా చేత్తో రాసింది కాదు. అమ్మా, అన్నం తిను. ఇకమీద ప్రతి నెలా నేనే రాస్తాను."

కూర్మయ్య తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, ఆగకుండా. ఎడమచేత్తో పక్కగుడ్డ గట్టిగా పట్టుకుని, కూతురి మొహంలోకి చూస్తూ ఊపాడు. గొంతులో ఏదో మాట కదిలి, దారి లేక అక్కడే తిరిగింది.

"ఏటంటన్నాడు?" అన్నాడు గవరయ్య.

"తలగడ దిగిపోనాదంటన్నారు," అంది అప్పలకొండమ్మ. ఆమె వచ్చి మొగుడి మెడ కింద చెయ్యి పెట్టి పైకెత్తింది. తవిటమ్మ తలగడ సర్ది, స్టెన్సిల్ చుట్టి, యూనియన్ ఆఫీసు తాళం కోసం బయల్దేరింది. ఆయన ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.